దేవునికి పీఠమేల, వాద్యమేల?

సర్వవ్యాపియని తాము నమ్ము దేవునికి మనుష్యులు ఇల్లు కట్టుట యొక వింత. కట్టిన యింటిలో ఆసనములు, దీపస్తంభములు, తెరలు, గంటలు, వాద్యములు అమర్చి, అవి చాలలేదని తరతరమునకు మరల చేయించుట అంతకంటె వింత. యెరూషలేములో దేవాలయము కట్టించిన సొలొమోను మహారాజే ప్రతిష్ఠాదినమున, తన మందిరము దేవునికి చాలునా యని సంశయించినట్లు బైబిలు చెప్పుచున్నది; సంశయించియు నాతడు అందలి బంగారు దీపస్తంభములను తీయించివేయలేదు. మన దేశమున సగుణ నిర్గుణ వాదముగా సాగిన యీ చర్చయే క్రైస్తవలోకమున వేఱు పేళ్లతోను, వేఱు ఆవేశములతోను, అప్పుడప్పుడు గొడ్డళ్లతోను సుత్తులతోను సాగినది. దానిని మతగ్రంథములలో చదువుటకంటె ఒక దేవాలయపు కొయ్యలోను, రాతిలోను, తగరపు గొట్టములలోను చదువుట మేలని నా యభిప్రాయము. అట్లు చదువదగిన ఆలయములలో ఇంగ్లండు ఉత్తరభాగముననున్న డర్హమ్ కథీడ్రలునకు సాటివచ్చునవి మిక్కిలి తక్కువ.

వేర్ నది మూడువైపుల చుట్టివచ్చిన కొండకొమ్ముపై 1093లో ఆరంభింపబడి, నలువదేండ్లలో ప్రధానభాగము ముగిసిన యీ కట్టడము, 687లో గతించిన కుత్‌బర్టు అను తపస్వి దేహమునకు నీడగా లేచినది. 735లో దేహము చాలించిన చరిత్రకారుడు బీడు అస్థికలును ఇచ్చటనే, పడమటి కొసనున్న గెలిలీ మండపములో నున్నవి. గోడలు తొమ్మిదివందల యేండ్లుగా నిలిచియున్నవి. ఆ మహాస్తంభములపై బెనెడిక్టు సంప్రదాయపు సన్న్యాసులు చూచిన చెక్కడములనే నేటి యాత్రికుడును చూచుచున్నాడు. కాని గోడల నడుమనున్న సామగ్రి యట్లు నిలువలేదు. కట్టడమును పడగొట్టవలెనన్న ధనము కావలెను, ధైర్యము కావలెను. పీఠమును జరుపుటకు అభిప్రాయము మారిన చాలును. అందుచేత విశ్వాసములో కలిగిన ప్రతి సంచలనమును ముందుగా బల్లమీదను, తెరమీదను, వాద్యముమీదను బయటపడినది.

మఠకాలపు వైభవమును ఒక్కొక్క వస్తువుగా స్మరించుకొనుచు 1593 ప్రాంతమున వ్రాయబడిన ‘రైట్స్ ఆఫ్ డర్హమ్’ అను గ్రంథము ఈ విషయమున మనకు దొరకిన పెన్నిధి. వ్రాసినవాని పేరు గ్రంథముమీద లేదు. అందు సిద్ధాంతచర్చ యేమియు లేదు. వస్తువులును, వాని స్థానములును, అవి పనికివచ్చు వేళలును మాత్రమే యున్నవి. కుత్‌బర్టు సమాధిపైనుండు కప్పును త్రాటితో పైకెత్తునప్పుడు ఆ త్రాటికి కట్టిన ఆరు వెండిగంటలు మ్రోగెడివి. ఆ మ్రోత విని, ఆలయములో నెచ్చట నున్నవారైనను సమాధి తెరవబడినదని తెలిసికొని ప్రార్థనకు చేరెడివారు. ఈస్టరు పండుగకు నిలుపు దీపస్తంభము ఎంత యెత్తైనదనగా, దాని నడిమి వత్తిని పైకప్పులోని రంధ్రమునుండి వెలిగింపవలసి వచ్చెడిది. 1380 నాటికి ముగిసిన నెవిల్ తెర, ఫ్రాన్సులోని కాన్ నగరమునుండి తెప్పించిన రాతితో ప్రధానపీఠము వెనుక లేచి, 107 విగ్రహములతో నిండియుండెను. ఆర్గనులు మూడు. గాయకమండప ద్వారముపైని యార్గను అన్నిటికంటె సొగసైనది; దాని తలుపులు ముఖ్య పండుగలకు మాత్రమే తెరువబడెడివి. అగస్టీను మొదలగు నలుగురు మతాచార్యుల రచనలు చదువు దినములకు రెండవది, నిత్యపూజకు మూడవది. మన బ్రహ్మోత్సవములలో ఏ దినమునకు ఏ వాహనమో నియమమున్నట్లే అచ్చట ఏ దినమునకు ఏ వాద్యమో నియమముండెను. చదువురాని రైతు సహితము చెవితోనే పంచాంగము తెలిసికొనెడివాడు. ఆ గ్రంథకర్త స్వరములోని దుఃఖము పోయిన వెండికొఱకు కాదు, పోయిన యీ క్రమముకొఱకేనని చదివినవారికి తోపకపోదు.

అయితే ఈ ఆర్గను దేవాలయములో పుట్టినది కాదు. క్రీస్తునకు పూర్వము 3వ శతాబ్దమున అలెగ్జాండ్రియాలో క్తెసీబియస్ అను యంత్రశిల్పి, నీటి బరువుచేత గాలి యొత్తిడిని నిలకడగా నుంచి గొట్టములలోనికి పంపు యంత్రమును కల్పించెను. రోమనులు దానిని, ఖడ్గధారులు ఒకరి నొకరు చంపుకొను క్రీడారంగములందు వాయించిరి. 757లో బైజాంటియము చక్రవర్తి ఐదవ కాన్‌స్టంటైన్ ఫ్రాంకుల రాజు పెపినుకు దానిని కానుకగా పంపినప్పుడును అది రాజసభకు అలంకారమే. నెత్తుటి వినోదమునుండియు రాజదర్పమునుండియు వచ్చిన యీ వస్తువును తూర్పు క్రైస్తవసంఘములు సామాన్యముగా పూజలోనికి రానీయలేదు; పశ్చిమదేశపు మఠములు రానిచ్చినవి. 13వ శతాబ్దమున మతపండితుడు థామస్ అక్వీనాస్, వాద్యములు మనస్సునకు సుఖమునే గాని సద్భావమును కలిగింపవని అరిస్టాటిలును సాక్ష్యముగా తెచ్చి వాదించునాటికే అవి అనేకాలయములలో మ్రోగుచుండెను. అంతకు ఎనిమిదివందల యేండ్లకు పైగా పూర్వము అగస్టీను తన ఆత్మకథలో పాటవిషయమున ఇంతకంటె లోతైన చిక్కును చూపినాడు: పాటలోని యర్థముకంటె పాటయే తన్ను కదిలించిన వేళ తాను తప్పుచేసినట్లు ఆతడు తలంచెను, తలంచియు, మతములో ప్రవేశించిన తొలిదినములలో ఆ పాటలు విని కార్చిన కన్నీటిని మఱువజాలక, వానిని వెలివేయలేకపోయెను. 12వ శతాబ్దమున బెర్నార్డు అను సన్న్యాసి, బీదలు ఆకలితో నుండగా ఆలయపు గోడలకు బంగారమేల యని యడిగెను. ఆ కాలముననే సేంట్ డెనిస్ మఠాధిపతి సూజే, రత్నముల కాంతి మందబుద్ధియైన మానవుని పైలోకమునకు ఎత్తునని ప్రత్యుత్తరమువంటి పనియే చేసి చూపెను. బెర్నార్డు ప్రశ్నకు నేటివరకును సరియైన సమాధానము ఎవ్వరును చెప్పలేదని యొప్పుకొనవలసినదే. అయినను ఆతని పక్షమువారు గెలిచినచోట ఆ బంగారము బీదలకు చేరినదా యన్న ప్రశ్న మిగిలియున్నది. డర్హమ్ బంగారము ఎనిమిదవ హెన్రీ రాజు బొక్కసమునకు చేరినది.

1530ల చివర రాజప్రతినిధులు వచ్చి కుత్‌బర్టు సమాధిని పగులగొట్టిరి. 1539 డిసెంబరు 31న మఠము రాజునకు అప్పగింపబడెను. నెవిల్ తెరలోని విగ్రహములు మాయమైనవి. వాని గూళ్లు నేటికిని ఖాళీగానే యున్నవి. 1563లో ఆలయపెద్దయగు డీను పదవికి వచ్చిన విలియం విటింగ్‌హామ్ జెనీవాలో కాల్విను నీడన పెరిగినవాడు, జెనీవా బైబిలు అనువాదకులలో ముఖ్యుడు. ఈయన పవిత్రజలపు రాతితొట్లను తన వంటయింటికి తరలించి, అందులో గొడ్డుమాంసమును ఉప్పుచేపలను నానవేయించెననియు, ఈయన భార్య కుత్‌బర్టు ధ్వజమును నిప్పులో వేసెననియు ‘రైట్స్’ గ్రంథకర్త పండ్లు కొఱుకుచు వ్రాసినాడు. ఇంతవఱకు కథ సులభముగా నున్నది. మొరటు మనిషి యొకడు అందమైన వస్తువులను పాడుచేసెనని ముగింపవచ్చును. కాని యీ విటింగ్‌హామే సంగీతము తెలిసినవాడనియు, రాణి ప్రార్థనామందిరమునుండి మేలైన పాటలను తెప్పించి తన గాయకులకు సమకూర్చెననియు ఆయన జీవితచరిత్ర చెప్పుచున్నది. రాతితొట్టి విగ్రహారాధన, పాట మాత్రము కాదు! ఈ గీత ఎచ్చట గీయవలెనో ఏ శాస్త్రమును నిర్ణయింపలేదు. ఎవని గీత వానిదే.

1569 నవంబరులో పాత కాథలిక్కు మతమును ఆశించిన ఉత్తరదేశపు ప్రభువులు తిరుగుబాటుచేసి డర్హమ్ ఆలయములో ప్రవేశించి, ప్రభుభోజనపు బల్లను తలక్రిందుచేసి, ఇంగ్లీషు బైబిలును ప్రార్థనపుస్తకములను చింపివేసి, లాటిను పూజ జరిపించిరి. చరిత్రకారులు దీనిని రాజకీయ ఘట్టముగా చదువుదురు. నాకు ఇందు వేఱొకటి కనబడుచున్నది. విగ్రహములు వద్దన్నవారికిని విడువరాని వస్తువులు ఉండినవి, అవి బల్లయు పుస్తకమును. ఎదిరిపక్షమువారు సరిగా వానినే పట్టుకొని కొట్టిరి. వస్తువు లేని మతమును స్థాపింపబోయినవారికి కొన్నాళ్లలోనే పవిత్రవస్తువు లేర్పడుట, ఆ వస్తువులకొఱకు ప్రాణము లిచ్చుటయు తీయుటయు, నిరాకారవాదమునకు కలిగిన ఓటమి యని నేననను. శరీరము గలవాడు నిరాకారమును సహితము చేతితో పట్టుకొనగోరునని మాత్రము అందును.

17వ శతాబ్దమున ఈ వాదము ఇద్దరు మనుష్యుల రూపము దాల్చినది. పీటర్ స్మార్ట్ ఆ యాలయములోనే పదవిగల పెద్ద పురోహితుడు. జాన్ కోసిన్ ఆతనికంటె చిన్నవాడు, అలంకారప్రియుడు, పూజాక్రమమున పండితుడు. పాతబల్లకు బదులు పాలరాతి బలిపీఠము నిలిచెను, క్రొత్త ఆర్గను వచ్చెను, పూజలో కొమ్ములును కాహళులును మ్రోగెను, కొవ్వొత్తులు వెలిగెను. 1628 జూలై 27న స్మార్ట్ ఆ యాలయపు వేదికనెక్కి వీనినన్నిటిని ఖర్చుతోసహా లెక్కించి నిందించెను. ఫలితముగా పదవి పోగొట్టుకొని, ఏండ్లతరబడి చెఱసాలలో మగ్గెను. ఆతని మాటలు కటువైనవి, లెక్కలలో అతిశయోక్తి లేకపోలేదు. అయినను సంగీతపు హోరులో కూడినవారికి ప్రార్థనలోని మాట వినబడకపోవుట దోషమన్న ఆతని మూలవాదమును తోసివేయుట కష్టము. తరువాత గాలి తిరిగినది. 1640లో స్కాట్ సైన్యము డర్హమును ఆక్రమించెను; 1644లో, రాజుతో పోరుచున్న పార్లమెంటు దేశమందలి ఆర్గనులను తొలగింపవలసినదని శాసించెను; కోసిన్ పారిసుకు పాఱిపోయి, ప్రవాసమున నున్న రాజపరివారమునకు పురోహితుడై కాలము గడపెను.

ఇక 1650 వచ్చినది. సెప్టెంబరు 3న డన్‌బార్ యుద్ధములో పార్లమెంటు సేనాని క్రామ్‌వెల్ చేత చిక్కిన స్కాట్ యోధులను దక్షిణమునకు నడిపించి, దారిలో చచ్చినవారు చావగా మిగిలిన యించుమించు మూడువేలమందిని పూజలు నిలిచిపోయిన యీ యాలయములోను కోటలోను బంధించిరి. ఆకలి, రక్తవిరేచనములు, ఉత్తరదేశపు చలి. సుమారు పదియేడువందలమంది మరణించిరి. బ్రతికియున్నవారు చలి కాచుకొనుటకు గాయకమండపములోని కొయ్యపని నంతటిని కాల్చిరని పరంపరాగతమైన మాట. బందీలకు బొగ్గు సమృద్ధిగా ఇచ్చితినని న్యూకాసిల్ అధికారి హేసెల్‌రిగ్ ప్రభుత్వమునకు వ్రాసికొన్నాడు. చెఱపాలకులు ఇట్టి యుత్తరములు వ్రాయుట క్రొత్తగాదు. పూర్వపు మఠాధిపతి (ప్రయర్) కాసెల్ పేరుగల గడియారపు కొయ్యపెట్టె మాత్రము మంటపాలు కాలేదు. దానిమీద స్కాట్లండు జాతిచిహ్నమైన తిస్సిల్ పువ్వు చెక్కబడియుండుటచేత వారు దానిని విడిచిరని చెప్పుదురు. 2013లో కోట సమీపమున త్రవ్వకములలో బయటపడిన అస్థిపంజరములు ఈ బందీలవేనని రెండేండ్ల తరువాత శాస్త్రజ్ఞులు నిర్ధారణ చేసిరి. మతచిత్రము నిట మరల చూడుడు: ఈ స్కాటులును అలంకారములను ఏవగించుకొను సంస్కరణవాదులే, కాని వారు ఆ కొయ్యను కాల్చినది సిద్ధాంతముకొఱకు గాదు, చలికి. ఆ పీఠములపై కూర్చుండి శతాబ్దములపాటు దయను గూర్చి పాడిన పాటలన్నిటికంటె ఆ రాత్రుల మంటలే ఆ కొయ్యకు సార్థకత కలిగించినవని నేనన్నచో భక్తులు కోపగింపరని తలంచెదను.

1660లో రాజరికముతోపాటు కోసిన్ తిరిగివచ్చెను, ఈసారి బిషప్పుగా. ఒట్టి మండపమును చూచి ఆతడు చేయించిన పని యాశ్చర్యకరమైనది. ఫ్రాన్సులో పదియారేండ్లు గడపి, నూతన శిల్పరీతులను కన్నులార చూచినవాడై యుండియు, 1665 ప్రాంతమున ఆతడు చెక్కించిన గాయకపీఠములు మధ్యయుగపు శిఖరములతో నిండియున్నవి. వాని నడుమ క్రొత్తకాలపు పూలదండలును, దేవదూతల శిరస్సులును తొంగిచూచును. పీఠముల అడుగున, గంటలకొలది నిలుచు వృద్ధసన్న్యాసులు వెనుకకు ఆనుకొనుటకై పూర్వులు కల్పించిన చిన్న అంచులు సహితము కలవు. కోసిన్ కాలమున అట్లు నిలుచు సన్న్యాసులు లేరు. అయినను అంచులను చెక్కించెను. తాను చూడని మఠజీవితమును ఆతడు కొయ్యలో జ్ఞాపకము చేసికొనెను. బాప్తిస్మపు తొట్టిపై స్తంభములతో శిఖరములతో ఆకాశమునకు లేచిన 1663 నాటి కొయ్యకప్పును చూచినవారికి ఇది అలంకారమా, ప్రతీకారమా యను సందేహము కలుగును. రెండును కావచ్చును. ఇరువది యేండ్లు తన దేవుని కొలుచు తీరునే నిషేధింపగా విన్న మనుష్యుడు, అధికారము చేత చిక్కినప్పుడు శిఖరములను కొంత యెత్తుగానే చెక్కించును.

ఆర్గను మాత్రము కోసిన్ చనిపోయిన పిమ్మట వచ్చినది. 1683లో బెర్నార్డ్ స్మిత్ అను ప్రసిద్ధశిల్పితో ఒప్పందము కుదిరి, మూడేండ్లలో ఆయన వాద్యము గాయకమండపపు తెరపైన నిలిచెను. సాధారణముగా మీటలవరుసలో ఒక్కొక్క స్థాయికి పండ్రెండు మీటలుండును. స్మిత్ వాద్యమునకు పిమ్మట పదునాలుగు అమర్చిరి, ఏలయన దగ్గఱగానుండు రెండు స్వరములను ఒకే మీటతో సరిపెట్టుట ఆయన చెవికి పొసగలేదు. శ్రుతుల సూక్ష్మభేదములు ఎఱిగిన మన గాయకులు ఈ శిల్పి పట్టుదలను తేలికగా గ్రహింతురు. ఆర్గను తెరపైన నుండుటచేత ధ్వని ఒకవైపున గాయకులకును ఒకవైపున ప్రజలకును సమముగా పంచబడెను; వాద్యమునకు ఆలయములో స్థానము కుదిరెననిన అదియే కుదురుట.

ఆ కుదురును చెఱచినవారు అలంకారద్వేషులైన ప్యూరిటనులు కారు, బందీలు కారు. 18వ శతాబ్దాంతమున మఠకాలపు సభామండపములో సగము పడగొట్టబడెను. బీడు సమాధిగల గెలిలీ మండపమునే తీసివేయవలెనన్న ఆలోచన ఎట్లో ఆగిపోయెను. 1846లో పడమటి ద్వారమునుండి తూర్పు కిటికీవఱకు చూపునకు అడ్డుండరాదని కోసిన్ కాలపు తెరను ఊడబెరికి, స్మిత్ ఆర్గనును ఉత్తరపు వంపులోనికి నెట్టిరి. దీనికి ఏ ధర్మశాస్త్రమును కారణము కాదు. ఎవడును పీఠమును విగ్రహమని శపింపలేదు, ఎవడును చలికి వణకలేదు. చూపునకు బాగుండునని తోచినది, చేసిరి. ముప్పదియేండ్లు తిరుగకముందే ఆ ఖాళీ దూరము మరీ దీర్ఘముగా తోపగా, గిల్బర్ట్ స్కాట్ అను వాస్తుశిల్పిచేత 1876లో పాలరాళ్లతో మూడు వంపుల క్రొత్త తెరను కట్టించిరి. అది మూయునదియు కాదు, తెరచునదియు కాదు. స్కాట్ మేలును సయితము చెప్పవలెను: ‘రైట్స్’ గ్రంథములో వర్ణింపబడిన పెలికాను పక్షి పఠనపీఠమును జ్ఞాపకమునకు తెచ్చునట్టి దానిని ఆతడే రూపొందించెను. ఆ సమయముననే హెన్రీ విల్లిస్ చేసిన ఆర్గను గాయకమండపమునకు ఇరువైపుల విభజింపబడి నిలిచెను; డర్హమ్ ఊరిలోనే స్థిరపడిన హారిసన్ సంస్థవారు దానిని 1905లోను, 1935లోను, 1970లోను విస్తరించి సంస్కరించిరి. నేడు మ్రోగునది ఇదియే, దాని గంభీరతను తప్పుపట్టువారు అరుదు.

ఈ యాలయపు సంగీతమునకు తెలుగుదేశముతో ఒక చిన్న సంబంధము కలదు. 1849లో ఇచ్చట గాయకమండలికి పెద్దగా నియమింపబడిన జాన్ బాకస్ డైక్స్ కట్టిన వరుసలలో 1861లో అచ్చైన ‘నైసియా’ అనునది త్రిత్వస్తుతికి చెందినది. అది ఆంగ్ల మిషనరీల వెంట సముద్రములు దాటి, మన చర్చీలలో హార్మోనియముపై నేటికిని వినబడుచున్నది. ఆ డైక్స్ జీవితాంతమును పాత కలహమే మ్రింగినది: ధూపము వాడుట, రంగు ఉత్తరీయములు ధరించుట మొదలగువానిని గూర్చి తన బిషప్పుతో పోరాడి అలసి, 1876లోనే మరణించెను. ఇదే ఆంగ్లికను సంప్రదాయమునుండి బయలుదేరిన బిషప్పు వేదనాయకం శామ్యూల్ అజరయ్య దోర్నకల్లులో 1939లో ప్రతిష్ఠ జరిగిన కథీడ్రలును హిందూ ముస్లిము శిల్పరీతులను కలిపి కట్టించి, పూజలో తెలుగు కీర్తనలకు చోటిచ్చినప్పుడు, డర్హమువారు నాలుగు శతాబ్దములు తన్నుకొన్న ప్రశ్నకు మఱియొక దారి చూపినాడు. సామగ్రి ఉండవలెనా వద్దా యన్నది ఆయనకు ప్రశ్న కాలేదు. అది ఎవరిది కావలెనన్నదే ప్రశ్న.

దేవునికి పీఠము అక్కఱలేదని స్మార్టునకు తెలియును, కోసినునకును తెలియును. కూర్చుండువాడు, వినువాడు, మోకరిల్లువాడు మనుష్యుడు. వానికి వెన్నునొప్పి కలదు, మఱపు కలదు. ఈ యక్కఱను కోసిన్ గుర్తించెను. ఆ యక్కఱ దేవుని మఱపించునని స్మార్ట్ భయపడెను. భయపడినవాడు వస్తువునకు గల శక్తిని ఒప్పుకొన్నవాడే. కావున నా తీర్పు ఇది: చలికి కాల్చినవారిది దోషమే కాదు, సిద్ధాంతముకొఱకు విఱిచినవారిది పోరాడదగిన దోషము, చూపు సొగసుకొఱకు ఊడబెరికినవారిది మాత్రము క్షమింపరాని తేలికదనము. స్మిత్ ఆర్గనుయొక్క చెక్కడపు పెట్టెలో మిగిలిన భాగము నేడు ఆలయపు దక్షిణపు నడవలో, పడమటి కొసన నిలువబెట్టబడి యున్నది. చదువులకో కొలువులకో ఇంగ్లండు చేరిన తెలుగువారు డర్హమ్ చూడబోయినప్పుడు, కుత్‌బర్టు సమాధిని బీడు సమాధిని దర్శించి వెనుదిరుగక, ఆ పెట్టెయొద్ద గూడ కొంతసేపు నిలువవలెనని కోరుచున్నాను.